పీవీ గారి పటం అచ్చువేయాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: మాకు హనుమకొండలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. డిసెంబరు 23న పీవీ నరసింహారావు గారి వర్ధంతికి రంగుల పటాలు వేసి అమ్మాలనుకుంటున్నాం. ఫొటో నెట్‌లో దొరికింది. పైన సింహాల గుర్తు, పేరు ముందు ‘భారతరత్న’ పెడతాం. గాంధీ, నెహ్రూ పటాలూ వేస్తాం. కుటుంబ సభ్యుల అనుమతి కావాలా?

జవాబు: కుటుంబం అనుమతి చట్టప్రకారం తప్పనిసరేమీ కాదు. మనిషి గోప్యత, కీర్తి మీద హక్కు ఆయనతోనే పోతుందని, వారసులకు ఆస్తిలా రాదని జయలలిత జీవితం మీది సినిమా కేసులో మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. అయినా వాళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి, అది మర్యాద.

మీకు అసలు చిక్కు ఫొటోతోనే. నాయకుడు పోయినా ఫొటో తీసినవారి కాపీరైట్ పోదు. సాధారణంగా ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. నెట్‌లో దొరికినంత మాత్రాన అది మీది కాదు. తెలిసే అచ్చువేసి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే మా దగ్గరికి వచ్చే ప్రెస్‌వాళ్లకు నేనొకటే చెబుతాను: ఊళ్లో మంచి చిత్రకారుడికి డబ్బిచ్చి బొమ్మ గీయించుకోండి. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి గీయించుకున్న చిత్తరువు మీద హక్కు గీయించినవారిదే. అయితే ఒకే ఫొటోను గీతకు గీత దించొద్దని ముందే చెప్పండి. ఆ కళ్లద్దాలు, బిగించిన పెదవులు ఎవరు గీసినా పీవీ గారినే గుర్తుచేస్తాయి.

సింహాల గుర్తు తీసేయండి. వ్యాపారానికి జాతీయ చిహ్నం వాడకూడదని 2005 నాటి చట్టం ఉంది. భారతరత్న బిరుదు కాదు, పురస్కారం. పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. పేరు కింద ‘భారతరత్న పురస్కార గ్రహీత’ అని వేసుకోండి, ఇబ్బంది లేదు.

గాంధీ, నెహ్రూ సంగతి వేరు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం జాబితాలో వాళ్లిద్దరూ, ఇందిరాగాంధీ, శివాజీ ఉన్నారు. పీవీ గారు లేరు. జాబితాలోని వారి బొమ్మ వ్యాపారానికి వాడాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. క్యాలెండర్లకే మినహాయింపు, అదీ తయారీదారు, ముద్రాపకుల పేర్లు తప్ప మరేమీ లేకుండా, సరుకుల ప్రచారానికి వాడకుండా ఉంటేనే. ఓసారి ఒకాయన తెచ్చిన నమూనాలో గాంధీ గారి చిరునవ్వు కిందే నూనె డబ్బా బొమ్మ ఉంది. చూసి మనసు చివుక్కుమంది. అచ్చు ఆపించాను.

ముందు పీవీ గారి పటం పని చూసుకోండి. మిగతా రెండింటికీ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు నమూనా జతచేసి రాయండి, జవాబు వచ్చాకే ప్లేటు చేయించండి.