డ్రమ్ కిట్ కొనేముందు కింది ఇంట్లో నిలబడి వినండి

"అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఇంట్లోనే సాధన చేసుకోవాలి. 40, 50 వేలలో ఏ ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ తీసుకోమంటారు?" అని అడిగారు. మీ ప్రశ్నలో ఒక ముఖ్యమైన వివరం లేదు. మీ కింది ఫ్లాటులో ఎవరుంటున్నారు? వాళ్లు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?

నవ్వకండి. నాలుగేళ్ల కిందట నేనూ మీలాగే మెష్ ప్యాడ్లా, రబ్బరు ప్యాడ్లా, మాడ్యూల్‌లో, అంటే ప్యాడ్ మీది దెబ్బను డ్రమ్ శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్స్‌కు పంపే పెట్టెలో, ఎన్ని శబ్దాలున్నాయి, ఏ పాటకు ఏది పనికొస్తుంది అని మూడు నెలలు వీడియోలు చూసి చూసి, చివరికి 38 వేలు పోసి ఒకటి తెచ్చుకున్నాను. కూకట్‌పల్లిలో మాది నాలుగో అంతస్తు. పడకగదిలో కిటికీ పక్కన బిగించుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తుంటే అదే గదిలో మంచం మీద మా ఆవిడ పుస్తకం చదువుకునేది. ఆమెకు వినిపించేదల్లా కర్ర తగిలినప్పుడు వచ్చే టకటకలు, వంటింట్లో బెండకాయలు తరిగినంత చప్పుడు. ఇంక దిగుల్లేదనుకున్నాను. రోజూ భోజనాలయ్యాక తొమ్మిది నుంచి పది దాకా సాధన.

నెల తిరగకముందే ఒక రాత్రి తలుపు తట్టారు. కింది ఫ్లాటు పెద్దావిడ. "ఏమీ అనుకోకు బాబూ, రోజూ ఈ వేళప్పుడు మీ ఇంట్లో ఏం దంచుతున్నారు?" అన్నారు.

దంచడమేమీ లేదండీ అని లోపలికి తీసుకెళ్లి కిట్ చూపించాను. ఆవిడ వేలితో ఒక ప్యాడ్ మీద తట్టారు. కర్ర తీసుకుని ఇంకోదాని మీద కొట్టారు. "దీనికి చప్పుడేదీ? ఇది కాదులే" అని గదిలో నలుమూలలా చూశారు. రోలు ఎక్కడో దాచామనుకున్నారని నాకు అర్థమైంది. చివరికి "ఒక్కసారి కిందికి వచ్చి నువ్వే విను" అన్నారు.

వెళ్లాను. మా పడకగదికి సరిగ్గా కింద వాళ్ల పడకగది. ఆవిడ భర్త మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. పైన ఉన్న మా అమ్మాయికి ఫోను చేసి, "కుడికాలితో పెడల్ తొక్కమ్మా" అన్నాను. "ఎన్నిసార్లు నాన్నా?" "నేను ఆపమనేదాకా."

మొదటి దెబ్బ పడింది. దాన్ని విన్నాననడం కూడా సరికాదు. పై ఇంట్లో ఎవరో బియ్యం బస్తాను జానెడు ఎత్తు నుంచి వదిలినట్టు, "దుబ్" మని అరికాళ్లకు తెలిసింది. సీలింగ్ ఫ్యాను కడ్డీకి పైన, కొక్కేన్ని కప్పుతూ ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది చూడండి, అది ప్రతి దెబ్బకూ చిన్నగా టిక్కుమంటోంది. దుబ్, టిక్. దుబ్, టిక్. మంచం పక్కన బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఇప్పుడు స్నేర్ కొట్టు" అన్నాను, అంటే వాయించేవాడి ఎదురుగా ఉండే డ్రమ్ము ప్యాడ్. ఏమీ లేదు. "సింబల్, ఆ తాళపు చిప్ప ప్యాడ్, గట్టిగా కొట్టు." ఏమీ లేదు. "మళ్లీ కాలు." దుబ్, టిక్.

నేను ఊరుకునే రకం కాదు. ఫోనులో శబ్దం కొలిచే యాప్ తెరిచాను. ముల్లు 40 దాటలేదు. మన శబ్దకాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 అని వాటిలో ఉంది. కిట్ కొనేముందే చదివి పెట్టుకున్నాను. చట్టప్రకారం నా తప్పేమీ లేదండీ అనడానికి నోరు తెరిచాను. అంతలో ఆ ఫ్యాను గిన్నె మళ్లీ టిక్కుమంది. నోరు మూసుకున్నాను.

అప్పటిదాకా మాట్లాడని ఆ పెద్దాయన అన్నారు: "చప్పుడుదేముంది బాబూ, రైల్వే క్వార్టర్స్‌లో ముప్ఫై ఏళ్లు పడుకున్నవాణ్ణి. కానీ నువ్వు ఒకేచోట తొందరపడుతున్నావు. తాళం నాలుగు ఆవృత్తాలు, నాలుగు చుట్లు, సరిగ్గా వస్తాయి, ఐదోదానికి ముందే దిగిపోతావు. నెల రోజులుగా ఆ ఐదోది ఎప్పుడొస్తుందా అని కాచుకుని పడుకోవడంతో నిద్ర పట్టడం లేదు." చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నారట. నా హెడ్‌ఫోన్స్‌లో అంత ఖరీదైన మాడ్యూల్ చెప్పని సంగతి ఆయనకు స్లాబు చెప్పింది.

ఆ రాత్రి నాకు తెలిసినది ఇది. ఎలక్ట్రానిక్ కిట్ చప్పుడు రెండు దారుల్లో పోతుంది. గాలిలో పోయేది కర్రల టకటక. దాన్ని తలుపు, గోడ చాలావరకు ఆపేస్తాయి. నేలలోంచి పోయేది కాలి దెబ్బ. దాన్ని మన ఇళ్లలో ఆపేది ఏదీ లేదు. స్లాబు, దాని మీద టైల్స్, టైల్స్ మీద పెడల్. మనకు నేల, వాళ్లకు అదే కప్పు. పెడల్ కర్ర, స్లాబు తోలు, వాళ్ల పడకగది డోలు పొట్ట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మనం ఆ డోలు వాయిస్తున్నాం.

ఈ సంగతి వీడియోల్లో ఎవరూ ఎందుకు చెప్పరంటే, ఆ వీడియోల్లో మనం వినేది మాడ్యూల్ నుంచి తీగ ద్వారా నేరుగా రికార్డు చేసిన శబ్దం. ఆ గదిలో మైకు పెట్టేవాడు అరుదు, కింది గదిలో పెట్టేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పైగా వాయించేవాడు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు; వాడికి రెండు చిప్పలిచ్చినా సొంపుగానే వాయిస్తాడు. దుకాణాల్లోనూ ఇదే తంతు. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, కింద మందపాటి తివాచీ వేసి కూర్చోబెడతారు. వెళ్లినప్పుడు ఆ హెడ్‌ఫోన్స్ తీసెయ్యండి. వెంట వచ్చినవాళ్లను పెడల్ తొక్కమని, మీరు వంగి తివాచీ పక్కన వట్టి నేల మీద అరచెయ్యి ఆనించండి. సేల్స్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇప్పుడు మీ బడ్జెట్ సంగతి. ఈ ధరల్లో వచ్చిన కిట్లలో ఒక తమాషా ఉంది. అలెసిస్ నైట్రో మెష్ లాంటివాటిలో స్నేర్, దాని చుట్టూ ఉండే చిన్న డ్రమ్ములు (టామ్‌లు) మెష్, అంటే జల్లెడ వలలాంటి గుడ్డ. కర్ర పడితే చప్పుడు తక్కువ. కానీ కాలికి నిలువు ప్యాడ్ ఇచ్చి, దాన్ని సుత్తిలాంటి బీటరుతో కొట్టమంటారు. ఆ సుత్తి దెబ్బంతా నేలలోకే. యమహా డీటీఎక్స్ 402కే మోడల్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. ప్యాడ్లు రబ్బరువి, టపటపమంటాయి; కాలికి మాత్రం బీటరు లేని పెడల్. రోలాండ్ టీడీ-1కేలో కూడా బీటరు లేదు. కాబట్టి గోడ పక్కన మనుషులుంటే మెష్, నేల కింద మనుషులుంటే బీటరు లేని పెడల్. రెండు వైపులా ఉంటే మెష్ కిట్ కొని, పెడల్ విడిగా రోలాండ్ కేటీ-10 లాంటిది పెట్టుకోవాలి. ఆ పెడల్ ఒక్కదాని ధర విని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే విషయం.

రబ్బరంటే మరీ చిన్నచూపు అక్కర్లేదు. 1981లో సిమన్స్ వాళ్లు ఆరు మూలల ప్యాడ్లతో ఎస్‌డీఎస్-5 తెచ్చినప్పుడు వాటి పైభాగం గట్టి పాలీకార్బొనేట్. వాయించినవాళ్ల మణికట్లు నొప్పులు పుట్టేవట. మెష్ 1997లో రోలాండ్ టీడీ-10తో వచ్చింది. ఆ పాలీకార్బొనేట్ ప్యాడ్ల పక్కన నేటి రబ్బరు పరుపే. మెష్‌లో ఇంకో చిక్కుంది: కర్ర అతిగా ఎగిరి మీ బద్ధకాన్ని కప్పేస్తుంది. ఆర్నెల్లు మెష్ మీద వాయించి అసలు డ్రమ్ముల ముందు కూర్చుంటే చేతులు పనిచేయవు. నా మాట నమ్మండి.

శబ్దాల లెక్క మాత్రం అసలు చూడకండి. నా మాడ్యూల్‌లో ఉన్న కొన్ని వందల్లో నాలుగేళ్లలో నేను వాడినవి మూడు.

మళ్లీ నేల దగ్గరికి వద్దాం. ఆ మర్నాడు పెడల్ కింద యోగా మ్యాట్ మడిచి వేశాను. పెద్దావిడను అడిగితే "అదే దంపుడు" అన్నారు. పాత దూది పరుపు వేశాను. కిట్ ఒక పక్కకు ఒరిగి హై-హ్యాట్, అంటే జంట తాళాల పని చేసే ప్యాడ్, నా ఒళ్లో పడింది. పలచటి మెత్తదనం సన్నటి టకటకలను మింగుతుంది కానీ ఆ లోతైన దుబ్బును ఏమీ చేయలేదు. దానికి బరువైన బల్ల, బల్ల కింద స్ప్రింగులాంటిది ఏదైనా ఉండాలి. విదేశాల్లో డ్రమ్మర్లు చాలామంది టెన్నిస్ బంతులతో వేదిక చేసుకుంటారు. నేనూ అదే చేయించాను. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒకటి తెచ్చి మధ్యకు కోయిస్తే నాలుగడుగుల చదరపు ముక్కలు రెండు వచ్చాయి. పై ముక్క అడుగుభాగంలో బంతికన్నా కాస్త చిన్నవిగా గుంటలు తొలిపించి, పిల్లలు వీధిలో క్రికెట్ ఆడే టెన్నిస్ బంతులు పాతిక కూర్చాం. రెండో ముక్క కింద. వడ్రంగి పని ముగించి దాని మీద ఎక్కి ఊగి, "సార్, దీని మీద ఎవరు పడుకుంటారు?" అని అడిగాడు. కూలీతో కలిపి ఏడు వేల లోపే అయింది. ఒక జాగ్రత్త: బంతుల వేదికలో పై ముక్క ఎక్కడా గోడకూ నేలకూ కింది ముక్కకూ గట్టిగా తగలకూడదు. పై ముక్కలోంచి ఒక్క మేకు కిందికి ఆనినా దెబ్బంతా అందులోంచే దిగిపోతుంది. స్టూలు కూడా వేదిక మీదే ఉండాలి.

అది వేసి మళ్లీ కిందికి వెళ్లాను. అమ్మాయి తొక్కింది. ఫ్యాను గిన్నె పలకలేదు. చెవి రిక్కిస్తే పక్క వీధిలో ఎవరో కారు తలుపు వేసినట్టు, అంతే. పెద్దావిడ "హమ్మయ్య" అన్నారు. పెద్దాయన మొహంలో మాత్రం సంతోషం లేదు. "అయితే ఆ ఐదోది సరిచేసుకున్నావో లేదో ఇక నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

ఇదే భవనంలో ఒకాయన మూడు నెలలపాటు స్నానాలగదికి రాళ్లు కోయించాడు. ఆదివారం పొద్దున్న ఏడింటికి మొదలయ్యేది ఆ కోత. వినాయక చవితికి కింద పెట్టే డీజే సంగతి చెప్పనే అక్కర్లేదు, కిటికీ అద్దాలు పాట నేర్చుకుంటాయి. వాటి మీద ఎవరూ నోరు మెదపరు. నా పెడల్ మాట మాత్రం అసోసియేషన్ సమావేశంలో అజెండాలో మూడో అంశం. తీర్మానం రాసిన కార్యదర్శి గారే ఆ రాళ్లు కోయించిన ఆయన.

ఇంత చదివాక మీకు కిట్టే అక్కర్లేదేమో కూడా ఒకసారి చూసుకోండి. సినిమా పాటలకు తాళం వేయాలన్నదే కోరికైతే ఆక్టాప్యాడ్, అంటే ఎనిమిది ప్యాడ్లున్న ఒకే పలక, ఉంది. 1985లో వచ్చిన ఆ పరికరం వంశం మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో దశాబ్దాలుగా అన్నం పెడుతోంది. నిలబడి చేతులతో వాయిస్తారు, కాలి పెడల్ లేకుండానే పని జరిగిపోతుంది, కిందివాళ్లు హాయిగా నిద్రపోతారు. పిల్లల కోసమైతే ముందు ఒక సాధన ప్యాడ్, రెండు కర్రలు కొనిచ్చి ఆర్నెల్లు చూడండి. పాత సామాన్లు అమ్మేచోట కనిపించే డ్రమ్ కిట్లలో సగం, మొదటి నెల తర్వాత బట్టలు ఆరేసుకోవడానికి వాడినవే. హై-హ్యాట్ స్టాండుకు హ్యాంగర్ గీతలు ఉన్నాయేమో చూసి బేరమాడండి.

కొనాలనే నిశ్చయించుకుంటే 50 వేలలో 40 మాత్రమే కిట్‌కు పెట్టండి. ఏడు వేలు వేదికకు. మిగిలిన మూడూ స్టూలుకు, హెడ్‌ఫోన్స్‌కు. చాలా పెట్టెల్లో ఈ రెండూ ఉండవు, ఇంటికొచ్చి విప్పాక గానీ తెలియదు. హెడ్‌ఫోన్స్ తీగ ఉన్నవే తీసుకోండి. బ్లూటూత్‌వి పెట్టుకుంటే కొట్టిన దెబ్బ చెవికి ఆలస్యంగా చేరుతుంది, దాన్ని అందుకోవాలని మీరు ముందుకు పరిగెడతారు. నాకైతే తీగ ఉన్నా ఆ ఐదో ఆవృత్తం దగ్గర ఇప్పటికీ అదే జరుగుతోంది.