రన్నింగ్ స్టార్ట్ రిజిస్ట్రేషన్ ఆగిపోతే ముందు ఆ ఫారం చూడండి

అక్కా, రన్నింగ్ స్టార్ట్‌లో, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు చదివే ప్రోగ్రాంలో, పాప అడ్మిషన్ అయిపోయినా క్లాసులు యాడ్ చేస్తుంటే హోల్డ్ అని వస్తోందన్నారు కదా, టెన్షన్ పడకండి. వాషింగ్టన్ రాష్ట్రంలో చాలామందికి ఇది ఎన్‌రోల్‌మెంట్ వెరిఫికేషన్ ఫారం దగ్గరే ఆగుతుంది. ఆ ఫారం ఒక్కసారి ఇస్తే సరిపోదు, ప్రతి క్వార్టర్‌కీ (కాలేజీ టర్మ్‌కీ) కొత్తది కావాలి. పాప, మీరు, హైస్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి. మా వాడిది పోయిన ఏడాది నా సంతకం లేదని వెనక్కి వచ్చింది, ఈలోగా వాడు అనుకున్న ఇంగ్లిష్ క్లాసు నిండిపోయింది.

సంతకాలయ్యాక కాలేజీ ట్యూషన్ ఫీజు కట్టకుండా ఎన్ని క్రెడిట్లు తీసుకోవచ్చో ఆ ఫారంలో ఉంటుంది, అది తప్పకుండా చూడండి. ఆ అంకె దాటితే మిగతా ట్యూషన్ మీరే కట్టాలి, పుస్తకాలు, ఇతర ఫీజులు మామూలుగా మన ఖర్చే. కాలేజీలో 5 క్రెడిట్ల క్లాసు హైస్కూల్లో 1 క్రెడిట్‌తో సమానం, కాబట్టి గ్రాడ్యుయేషన్‌కి ఏం మిగిలాయో కౌన్సెలర్‌తో కూర్చుని రాసుకున్నాకే క్లాసులు ఎంచుకోండి.

ఇంకోటి, కాలేజీకి మీరు ఫోన్ చేస్తే వివరాలు చెప్పకపోవచ్చు. కాలేజీ రికార్డుల మీద హక్కు, వయసు 16 అయినా సరే, విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం ఉన్న ఫెర్పా చట్టం ప్రకారం పిల్లలదే. అందుకే హోల్డ్ ఎందుకుందో పాపనే తన స్టూడెంట్ ఐడీ రాసి కాలేజీలోని రన్నింగ్ స్టార్ట్ ఆఫీసుకి మెయిల్ పెట్టమనండి. ఈ రోజే పెట్టించండి అక్కా, మంచి టైమింగ్ ఉన్న క్లాసులు ముందే అయిపోతాయి.