కార్డు డ్రైవర్ రివ్యూ చేసేటప్పుడు ఎక్కడ చూడాలి

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

రేణిగుంటలో నువ్వు చేరిన కెమెరాల కంపెనీలో మెమరీ కార్డు కంట్రోలర్ల (కార్డుతో మాట్లాడే చిప్పుల) లినక్స్ డ్రైవర్ ప్యాచ్‌లు, అంటే ఆ చిప్పులను నడిపే కోడ్‌లో చేసే మార్పులు, రివ్యూ చేసే పని నీకే అప్పగించారని అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది కనుక రాస్తున్నాను.

ప్యాచ్ చేతికి రాగానే పైనుంచి కిందికి చదువుకుంటూ పోవద్దు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు నడిచే కోడ్‌ను రాసినవాళ్లు ఎన్నోసార్లు నడిపి చూసుకునే ఉంటారు. కార్డు పెట్టారు, ఫైళ్లు కనిపించాయి, వాళ్ల దృష్టిలో పని అయిపోయింది. ఎవరూ నడిపి చూడని కోడ్ వేరే ఉంటుంది. రాస్తుండగా కార్డు లాగేస్తే, సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే సంఖ్య) తప్పితే, కంట్రోలర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతే ఏం జరుగుతుందో చెప్పే భాగం అది. ముందు దాన్ని చదువు.

అందులోనూ మొదట ఒక్క లెక్క చూడు. రాత మధ్యలో ఎర్రర్ వస్తే, ఎన్ని బైట్లు కార్డుకు చేరాయని డ్రైవర్ తన పైనున్న కోర్‌కు, అంటే కార్డు డ్రైవర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే లినక్స్ కోడ్‌కు, చెబుతోంది? ఇంకా ఎన్ని బ్లాకులు మిగిలాయో చూపే బ్లాక్ కౌంట్ రిజిస్టర్ చదివి, మిగిలినవి తీసేసి చెప్పడం చాలామందికి సహజంగా తోచే పద్ధతి. కానీ ఆ రిజిస్టర్ సరిగ్గా ఏ క్షణంలో మారాలో ఎస్‌డీ హోస్ట్ స్పెసిఫికేషన్ (కంట్రోలర్ ఎలా పనిచేయాలో చెప్పే ప్రమాణం) చెప్పలేదు. లారీ గోడౌను దాటింది కనుక సరుకు అంగడికి చేరినట్టే అని ఖాతాలో రాసే గుమాస్తా లెక్క లాంటిదది. అందుకే ఆ ప్రమాణం పాటించే కంట్రోలర్ల కోసం లినక్స్‌లో ఉన్న ఎస్‌డీహెచ్‌సీఐ కోడ్ ఎర్రర్ వస్తే ఒక్క బైటూ చేరలేదనే అనుకుని సున్నా చెబుతుంది. సున్నా చెబితే మహా అయితే మళ్లీ రాయాల్సి వస్తుంది. చేరనిదాన్ని చేరిందని చెబితే రికార్డింగులో కొంత భాగం మాయమవుతుంది, దొంగ పడిన రోజు వీడియో వెతికేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

డేటా మొత్తం పంపాక కూడా కార్డు డాట్0 అనే డేటా తీగను కిందికి పట్టి ఉంచుతుంది. లోపల ఫ్లాష్‌లో ఇంకా రాసుకుంటోందని దాని అర్థం. డ్రైవర్ అప్పుడు ఆగుతోందా? ఆగితే, ఎంతసేపు? ఆ తీగ స్థితి చెప్పే బిట్ మారేవరకూ తిరుగుతూనే ఉండే లూప్ కనిపిస్తే అక్కడే ప్యాచ్ ఆపెయ్, మిగతాది చదవనక్కర్లేదు. గడువు ఉన్నా, ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడుగు. తన బల్లమీది కొత్త కార్డుకు సరిపోయిందని చిన్న అంకె పెట్టేవాళ్లకు కొదవ లేదు. లినక్స్ కోర్ ఎస్‌డీ కార్డు రాతకు 3 సెకన్ల గడువు ఇస్తుంది. 300 మిల్లీసెకన్లు కూడా చాలని కార్డులు ఉన్నాయని ఆ కోడ్ పక్కన వ్యాఖ్యలోనే రాసి ఉంది.

ఇక మన ఊళ్ల ఎండ సంగతి. ఎస్‌డీఆర్104 అనే ఎస్‌డీ కార్డు వేగంలో క్లాక్ 208 మెగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. ఆ వేగంలో తీగమీది డేటాను ఏ క్షణంలో పట్టుకోవాలో ముందే తెలియదు కాబట్టి, కంట్రోలర్ సీఎండీ19 అనే ఆదేశం పంపి, కార్డు తిరిగిచ్చే 64 బైట్ల నమూనాను రకరకాల దశల్లో (పట్టుకునే క్షణాన్ని కొంచెం కొంచెం జరుపుతూ) చదివి చూసుకుంటుంది. ఇదే ట్యూనింగ్. దశలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ, మొదట పాసైనదాన్నే పట్టుకుని బయటపడే కోడ్ నీకు తప్పకుండా ఎదురవుతుంది. అది అంచుమీద నిలబడటం. వరుసగా పాసైన దశల్లో అన్నిటికన్నా పొడవైన వరుసను తీసుకుని, దాని నడిమి దశను ఎంచుకోవాలి. దశలు చుట్టూ తిరిగివచ్చే కంట్రోలర్ అయితే చివరి దశ, మొదటి దశ పక్కపక్కవే. ఆ అతుకు దగ్గర వరుసను రెండు ముక్కలుగా లెక్కపెట్టారేమో ప్రత్యేకంగా చూడు.

అంచుమీద ఉన్న ట్యూనింగ్ మీ ఏసీ ల్యాబులో రోజంతా నిలుస్తుంది. మే నెలలో రేణిగుంట ఎండకు స్తంభం మీది కెమెరాలో నిలవదు, ఎందుకంటే వేడి పెరిగినా వోల్టేజీ మారినా డేటాను పట్టుకోవాల్సిన క్షణం జరుగుతుంది. కాబట్టి సీఆర్‌సీ ఎర్రర్ వచ్చినప్పుడు మళ్లీ ట్యూన్ చేయమని డ్రైవర్ కోర్‌ను అడుగుతోందా, నిద్రనుంచి లేచాక పాత విలువలు చెరిగిపోతే తిరిగి పెడుతోందా అని చూడు. వేడిలో పరీక్షించారా అని కూడా అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

కార్డు తీగల మీది సిగ్నల్ 3.3 వోల్టుల నుంచి 1.8కి దిగేటప్పుడు క్లాక్‌ను కనీసం 5 మిల్లీసెకన్లు ఆపాలని స్పెసిఫికేషన్ అంటుంది, లినక్స్ కోర్ 10 ఇస్తుంది. బూటింగ్ వేగం పెంచుతున్నామంటూ ఇలాంటి విరామాలను కోసేసే ప్యాచ్‌లు వస్తాయి. అంగీకరించకు.

డ్రైవర్ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోబ్, తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్లలో చూడాల్సింది వరుస ఒక్కటే. హోస్ట్‌ను (అంటే కంట్రోలర్‌ను) కోర్‌కు అప్పగించే పిలుపు అన్నిటికన్నా చివర ఉండాలి, ఎందుకంటే ఆ పిలుపుతోనే కార్డు వెతుకులాట మొదలవుతుంది. తీసేటప్పుడు ముందు హోస్ట్‌ను వెనక్కి తీసుకుని, ఆ తర్వాతే క్లాక్ ఆపాలి.

డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండా మెమరీకీ కంట్రోలర్‌కూ మధ్య డేటా నేరుగా కదిలే పద్ధతి) దగ్గర ఒక చిక్కు ఉంది. డేటా ముక్క ఎక్కడుందో, ఎంత పొడవో చెప్పే ఏడీఎంఏ2 డిస్క్రిప్టర్‌లో పొడవుకు 16 బిట్లే గనుక 65536 బైట్లను సున్నాగా రాస్తారు. కొన్ని చిప్పులు దాన్ని నిజంగానే సున్నా అనుకుంటాయి. మీ చిప్పు ఏ రకమో డేటాషీటు మాట నమ్మకుండా పెద్ద ఫైలు రాయించి తేల్చుకోమను. దానికి క్విర్క్ (చిప్పు లోపాన్ని తప్పించుకొమ్మని కోడ్‌కు చెప్పే గుర్తు) ఇప్పటికే ఉంది. ఇంకా క్విర్క్ లేని వేరే సమస్యకు మాత్రం కొత్త క్విర్క్ బిట్ అడిగితే వెంటనే సరే అనకు, ఆ చిప్పు డ్రైవర్‌లోనే సొంత ఫంక్షన్ పెట్టుకుంటే చాలదా అని అడుగు.

ఖాళీలు, వరుస పొడవులు చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు చూసుకుంటుంది, నువ్వు వాటి జోలికి పోకు. మార్చక తప్పనిదేదో, నీ అభిరుచి ఏదో విడదీసి రాయి. లేకపోతే అవతలివాళ్లు సులువైన అభిరుచులన్నీ తీర్చి, అసలుదాన్ని వదిలేసి రెండో వెర్షన్ పంపుతారు. తెలియని చోట నేరుగా ప్రశ్న వెయ్యి. రివ్యూ చేశానని నీ పేరు పెట్టేది మాత్రం ఎర్రర్ కోడ్ మొత్తం చదివాకే. మేనేజరు తొందరపెట్టినా సరే.

మొదటి ప్యాచ్ మీద నువ్వు రాసిన వ్యాఖ్యలు పంపేముందు నాకు చూపించాలనిపిస్తే ఆదివారం ఇంటికి రా. డేటాషీటు మాత్రం బయటికి తేవద్దు, కంపెనీవాళ్లు ఒప్పుకోరు.

నీ మామయ్య