పాప వచ్చేలోపు ఇది చదువు

ఒరే చిన్నా,

వచ్చే గురువారం మంచిరోజట, కాన్పుకి పుట్టింటికెళ్లిన అమ్మాయినీ పాపనీ భీమవరం నుంచి హైదరాబాద్ తెచ్చేసుకుంటున్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నువ్వు ఫోన్‌లో "ఆ అత్తా, సరే అత్తా" అంటూ ఇంకో పక్క లాప్‌టాప్ కొట్టుకుంటూ ఉంటావు. అందుకే రాస్తున్నాను. వాళ్లని తీసుకురావడానికి వెళ్తూ రైల్లో చదువుకో.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెప్తాను. ఈ 12 వారాలూ నువ్వు శని, ఆదివారాల తండ్రివి. వెళ్లావు, ఎత్తుకున్నావు, బారసాలకి పంచె కట్టుకుని ఫొటోలు దిగావు, ఆదివారం రాత్రి రైలెక్కి వచ్చేశావు. చంటిపిల్లలు అందరికంటే ఎక్కువ ఏడ్చేది ఇంచుమించు ఆరో వారంలో, అదీ సాయంత్రాలప్పుడు. ఆ సాయంత్రాలన్నీ మీ అత్తగారూ అమ్మాయీ పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంటూ గడిపారు. పాప ఏ ఏడుపు ఆకలిది, ఏది నిద్ర చాలక, ఏది ఊరికే ఎత్తుకోమని, అన్నీ అమ్మాయికి తెలుసు, నీకు తెలియవు. అందుకని వచ్చిన మొదటి రెండు మూడు రోజులు యూట్యూబ్‌లో చూసిన సలహాలేవీ ఇవ్వకు. పక్కన కూర్చుని చూడు, అంతే.

సెలవు సంగతి. ప్రైవేటు ఉద్యోగాల్లో తండ్రికి సెలవు ఇచ్చి తీరాలనే చట్టం మనకి లేదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 15 రోజులుంది. మీ కంపెనీ దయతో ఇచ్చిన ఐదు రోజులూ నువ్వు కాన్పప్పుడే వాడేశావు, ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగావు, పాపం. అప్పుడు అక్కడ ఆడవాళ్లు ఆరుగురున్నారు, నీతో పనేం పడిందని? ఇప్పుడు పెట్టు ఒక వారం సెలవు. నిజంగా చేతులు చాలనిది ఇప్పుడే.

ఇక రాత్రులు. పాలివ్వడం అమ్మాయి పని, దానికి నువ్వేం చెయ్యలేవు. మిగతాదంతా చెయ్యగలవు. పాప కదలగానే లేచి, తడి గుడ్డ మార్చి, ఎత్తి తల్లికి అందించడం, పాలు తాగాక తీసుకుని భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా వీపు నిమరడం. పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి తేనుపు రాదు, పర్లేదు, పడుకోబెట్టెయ్. భుజం మీద కొంచెం పాలు కక్కితే కంగారుపడకు, కక్కే బిడ్డ దక్కుతుందని మా అత్తగారు ఊరికే అనేవారు కాదు, బరువు పెరుగుతూ ఆడుకుంటూ ఉంటే అది చొక్కా ఉతుక్కునే సమస్యే. పచ్చగా పసరులాగా కక్కినా, తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కినా మాత్రం తెల్లారేదాకా ఆగకు, ఆసుపత్రికి తీసుకెళ్లు. మీ మావయ్య మా ఇద్దరు పిల్లలకీ కలిపి ఒక్క రాత్రి కూడా లేవలేదు, అడిగితే "నాకు మెలకువ రాదే" అంటారు, అదే మనిషి నాలుగు గంటలకి పాలవాడి సైకిల్ బెల్లుకి మాత్రం లేచేవారు.

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలా. గట్టి పరుపు, తల కింద ఏమీ వద్దు. మీ అమ్మ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి ఉంచిందని తెలుసు, దాన్ని బీరువాలో దాచు. ఇంకోటి, మొన్న మన ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టావు చూడు, సోఫాలో నువ్వు వెనక్కి వాలి, పాప నీ గుండె మీద బోర్లా, ఇద్దరూ నిద్రలో. అందరూ హార్టులు పెట్టారు, నాకు మాత్రం గుండె ఝల్లుమంది. నీకు గాఢంగా నిద్రపట్టి పాప జారి నీ చేతికీ సోఫాకీ మధ్య ఇరుక్కుంటే ముక్కు మూసుకుపోతుంది, అరవడానికి కూడా ఊపిరుండదు. మెలకువగా ఉన్నంతసేపు ఎంతసేపైనా గుండె మీద పెట్టుకో. కళ్లు వాలుతున్నాయి అనిపించగానే లేచి పాపని దాని పక్క మీద వెయ్. ఇది ఒక్కటి నా కోసం చెయ్యి.

"ఏం చెయ్యమంటావో చెప్పు" అని అమ్మాయిని అడగొద్దు. అలా అడిగావంటే గుర్తుపెట్టుకోవడం, లెక్క చూసుకోవడం, ఆలోచించడం అన్నీ ఆవిడ తలమీదే ఉంటాయి, నువ్వు కూలికి వచ్చినట్టు. కొన్ని పనులు మొత్తంగా నీవి చేసుకో. డైపర్లు ఎన్ని మిగిలాయి అన్నది నీకు తెలియాలి. పగలు పాత కాటన్ చీర గుడ్డలు కడితే ఒరుసుకుపోకుండా ఉంటుంది, మరి ఆ గుడ్డలు ఉతికి ఎండలో వెయ్యడం నీది. రోజుకి ఒకసారి వెయ్యాల్సిన విటమిన్ డి చుక్కలు, 400 యూనిట్లు, ఏడాది నిండేదాకా, అదీ నీది. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తోందా అని చూడు, పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే, ఎవరొచ్చి "పాలు చాలట్లేదేమో" అన్నా నువ్వే జవాబు చెప్పొచ్చు. జనన ధృవీకరణ పత్రంలో పేరు చేర్పించావా? పుట్టిన ఏడాదిలోపైతే రుసుం లేదు, తర్వాత తిరగాలి. ఆఫీసు ఇన్సూరెన్సులో పాప పేరు కూడా.

టీకాల కార్డు కూడా నీదే. ఇంకో రెండు వారాల్లో 14వ వారం టీకాలు. ఇది నా సొంత డిపార్టుమెంటు, 30 ఏళ్లు ఏఎన్ఎంగా, అదే ఊళ్లు తిరిగే నర్సమ్మగా, సూదులేసిన దాన్ని, కొంచెం ఓపిగ్గా విను. ప్రభుత్వ టీకాల్లో ఆ రోజు మూడు సూదులు, రెండు నోటి చుక్కల మందులు ఉంటాయి. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావేలంట్ సూది వేసిన రాత్రి ఒళ్లు వెచ్చబడటం, తొడ గట్టిపడటం, విసుగ్గా ఏడవడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. సూది వేసిన చోట రుద్దకండి, కాపడం పెట్టకండి, కావాలంటే చల్లటి తడిగుడ్డ. టీకా వేయించాక అరగంట అక్కడే కూర్చుని రండి. జ్వరం మందు ఎంత వెయ్యాలో పాప బరువుని బట్టి వాళ్లనే కాగితం మీద రాయించుకో, ఇక్కడే చదువుకున్నవాళ్లు కూడా పొరపాటు పడతారు. పారాసెటమాల్ చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125. అంటే చుక్కలు నాలుగు రెట్లు గాఢం. సిరప్ కొలత చుక్కల మందుకి వాడేస్తే ఏమవుతుందో ఆలోచించు. సీసా మీద చదివి, ఆ సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలువు. టీకాతో సంబంధం లేకుండా, మూడు నెలలు నిండని పిల్లకి 100.4 ఫారెన్‌హీట్ దాటిందంటే ఇంట్లో మందు వేసి చూద్దాం అనేది లేదు, వెంటనే డాక్టరు. అన్నట్టు టీకాకి బైక్ మీద వెళ్లొద్దు, ఆటోనో క్యాబో మాట్లాడుకో.

ఇప్పుడు అసలు కష్టమైనది. మీ అమ్మ నెల రోజులు మీ దగ్గర ఉంటానంటోంది. రానీ. మా వదిన కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పిల్లని వేసుకుని, నలుగు పెట్టి నీళ్లు పోసిందంటే ఆ పిల్ల మూడు గంటలు కదలకుండా నిద్రపోతుంది, ఆ విద్య పక్కన కూర్చుని నేర్చుకో, ఏ పుస్తకంలోనూ దొరకదు. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తే తియ్యనీ, ఎవరికీ నష్టం లేదు, మీ అమ్మకి మనశ్శాంతి. కానీ ముక్కులో చెవిలో నూనె చుక్కలు వద్దు. సాంబ్రాణి పొగ వద్దు, ఆ చిన్న ఊపిరితిత్తులకి పడదు. కళ్లకి కాటుక వద్దు, అరికాలికో బుగ్గకో చుక్క పెడితే చాలు. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించడం అసలు వద్దు, తేనె ఏడాది నిండేదాకా పెట్టకూడదు, దాంట్లో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. ఏప్రిల్ ఎండలకి గొంతు ఎండిపోతుందని నీళ్లు పట్టమంటారు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు, ఎండగా ఉంటే పాలే ఇంకో రెండుసార్లు.

ఇవన్నీ మీ అమ్మకి నువ్వే చెప్పాలి. అమ్మాయి చేత చెప్పించకు. ఎందుకంటున్నానో విను. ఊరూరూ తిరిగి "పిల్లలకి ఆముదం పట్టకండమ్మా" అని చెప్పినదాన్ని నేను. మా పెద్దాడికి నాలుగో నెలలో మా అత్తగారు కడుపు శుభ్రపడాలని ఆముదం తెచ్చి ఉగ్గుగిన్నెలో పోస్తుంటే నిలబడి చూశాను, నోరు రాలేదు. రెండు రోజులు విరేచనాలు, వాడి కళ్లు లోపలికి పోయాయి, మాడు గుంట పడింది. ఎత్తుకుని పరిగెడితే మా డాక్టరమ్మ నన్ను చూసి "నువ్వా?" అంది. అంతే అంది. వాడు కోలుకున్నాడు గానీ ఆ "నువ్వా" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా అత్తగారి తప్పు అనను, ఆవిడకి తెలిసిందది. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మీ మావయ్య ఒక్కసారి "వద్దులేమ్మా" అని ఉంటే ఆవిడ ఆ గిన్నె కింద పెట్టేసేవారు. అదే మాట నేనంటే ఎదురు చెప్పినట్టు.

అమ్మాయిని కూడా ఒక కంట కనిపెట్టు. బాలింత పథ్యం అని ఇంకా నీళ్లు కొలిచి ఇస్తుంటే ఆపించు, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, పాలిచ్చేటప్పుడల్లా పక్కన చెంబు నిండుగా నీళ్లు పెట్టడం నువ్వే చెయ్. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, అలవాటున్నవి అన్నీ తిననీ. ఈ నెలల్లో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, కొన్నాళ్లకి అదే వస్తుంది, బాత్రూమ్ జాలీలో జుట్టు చూసి జోకులేశావంటే నేనే వచ్చి తంతాను. ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం కాన్పయిన కొత్తల్లో చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఇప్పుడు కూడా రోజుల తరబడి ముభావంగా ఉన్నా, పాప నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోయినా, "నేను మంచి తల్లిని కాను" లాంటి మాటలన్నా, "అందరూ పిల్లల్ని కనలేదా" అని మాత్రం అనకు. ఇది జబ్బు, మందుంది. డాక్టరు దగ్గరకి తీసుకెళ్లు, అర్ధరాత్రైతే 14416కి ఫోన్ చెయ్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

ఆఫీసు విషయం ఇప్పుడే కూర్చుని లెక్క వేసుకోండి. చట్టం ఇచ్చేది 26 వారాలు. కాన్పుకి ముందు 3 వాడుకుంది, తర్వాత 12 అయ్యాయి, మిగిలింది 11. అంటే పాపకి ఆర్నెల్లు నిండటానికి మూడు వారాల ముందే ఉద్యోగానికి వెళ్లాలి. ఆ మూడు వారాలు పిండి తీసిన తల్లిపాలతో నడవాలి, అది వెళ్లే ముందు రోజు మొదలుపెడితే కుదరదు, పదిహేను ఇరవై రోజుల ముందు నుంచే పాలు తీసి, గిన్నెతోనో చెంచాతోనో నువ్వు పట్టడం అలవాటు చెయ్యి. తల్లి దగ్గరుంటే చాలామంది పిల్లలు చెంచా ముట్టరు, వాసన పట్టేస్తారు, కాబట్టి ఆ పూట అమ్మాయిని అలా బజారుకి పంపించు. మన ఎండలకి తీసిన పాలు బయట పెట్టకు, వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో పెట్టకుండా లోపల వెనక్కి. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోనివ్వాలి అని కూడా చట్టంలో ఉంది. అమ్మాయి ఆఫీసులో ఉందో లేదో కనుక్కోమను. లేకపోతే ఎవర్ని చూసుకోమంటాం అన్నది జూన్ దాకా వాయిదా వెయ్యకండి. నన్ను అడిగితే నేను రాగలను, నెల రోజులైనా, కానీ మీ మావయ్యని కూడా తెచ్చుకోవాలి, అది నీ ఇష్టం.

పాప ఇంకొన్నాళ్లలో బోర్లా పడుతుంది. ఆ రోజు నుంచి మంచం మీద ఒంటరిగా వదిలేసి నీళ్లు తాగి వస్తా అనడం ఉండదు, కింద చాపో బొంతో పరిచి వెయ్. బోర్లా పడగానే నాకు ఫోన్ చెయ్, వీడియో తీస్తూ కూర్చోకు. బోర్లాపడితే బొబ్బట్లు మేనత్త తరఫున నేనే చేసి తెస్తాను, శనగపప్పు కొనిపెట్టే ఉంచాను. మీ మావయ్యకి షుగరు, బస్సులో డబ్బా నా ఒళ్లోనే పెట్టుకుని రావాలి.

మీ అత్త