కొత్త షవర్‌లో ధార సన్నగా వస్తోందా? ముందు చల్లనీళ్లు వదిలి చూడండి

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. డిసెంబర్‌లో కొత్తగా 9.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ (నీళ్లు పారుతుండగానే వేడిచేసే రకం) పెట్టించాం. నీళ్లు వేడిగానే ఉన్నాయి కానీ ధార మరీ సన్నం. తలకి పెట్టిన షాంపూ నురగ కూడా పోవట్లేదు. కిచెన్ కొళాయి మాత్రం జోరుగానే వస్తోంది. షవర్ మార్పించాలా?

జవాబు: తొందరపడకండి. ముందు ఒక లీటరు జగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లండి. షవర్‌ను 'కోల్డ్' మీద పెట్టి, వేడి తిప్పే డయల్‌ను పూర్తిగా చల్లని వైపు తిప్పి నీళ్లు వదలండి. జగ్గు ఏడెనిమిది సెకన్లలో నిండితే నిమిషానికి 8 లీటర్లు వస్తున్నట్టు. అంటే సరఫరాలో లోటు లేదు. తర్వాత మీరు రోజూ స్నానం చేసే వేడి మీద పెట్టి మళ్లీ కొలవండి. 15 సెకన్లు పట్టిందంటే నిమిషానికి 4 లీటర్లు. చలికాలంలో 9.5 కిలోవాట్ల షవర్ ఇవ్వగలిగేది దాదాపు అంతే!

లెక్క చిన్నదే. నిమిషానికి ఒక లీటరు నీటిని ఒక కిలోవాట్ సుమారు 14 డిగ్రీలు వేడెక్కిస్తుంది. అక్కడ చలికాలంలో మెయిన్స్ నీళ్లు, అంటే వీధి పైపు నుంచి నేరుగా వచ్చేవి, 6 డిగ్రీలకు పడిపోతే, స్నానానికి 40 కావాలంటే 34 డిగ్రీలు పెంచాలి. 9.5ను 14తో హెచ్చించి 34తో భాగిస్తే 4 లీటర్లు దాటదు. వేసవిలో నీళ్లు 17 డిగ్రీల్లో వస్తే అదే షవర్ 6 లీటర్ల దాకా పోస్తుంది. ఇంకో కిటుకు: డబ్బా మీద 9.5 అని రాసేది 240 వోల్టుల లెక్కన. 230 వోల్టులుంటే నిజంగా దక్కేది 8.7 మాత్రమే. వేడి డయల్ నిజానికి నీటి ధారనే తగ్గిస్తుంది. కాబట్టి ఒక్క గీత వెనక్కి తిప్పి చూడండి, తేడా తెలుస్తుంది. 10.8 కిలోవాట్లదానికి మారినా అదనంగా వచ్చేది అర లీటరు. దానికోసం 45 ఆంపియర్లు మోసే కేబుల్, బ్రేకర్ ఉన్నాయో లేవో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. నా మాట వింటే అక్కర్లేదు.

'కోల్డ్'లో కూడా ధార సన్నగానే ఉంటే అసలు వెతుకులాట అప్పుడు మొదలు. నీళ్లు నడుస్తుండగానే, కోల్డ్‌లోనే ఉంచి, హోస్ పైపు నుంచి షవర్ హెడ్ విప్పండి. ధార పెరిగితే తప్పు హెడ్‌దే. నీళ్లు ఆదా చేసే రకం హెడ్ గానీ, సన్నటి చిల్లుల పాత హెడ్ గానీ దీనికి తగిలించకండి, డబ్బాలో వచ్చిందే వాడండి. లోపల నీళ్లకు దారి లేకపోతే ఒత్తిడి పెరిగి, యంత్రం అడుగున ఉండే సేఫ్టీ ప్లగ్ ఎగిరిపోయి కింద నుంచి కారుతుంది. దాన్ని టేపుతో మూయకూడదు, కొత్తది వేయించాలి.

హెడ్ విప్పినా మారలేదా? షవర్‌కు నీళ్లొచ్చే పైపు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే ఐసోలేటింగ్ వాల్వ్ ఉంటుంది. దాని గాడి పైపు వెంటే ఉంటే పూర్తిగా తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. పని చేసినవాళ్లు సగం తెరిచి వెళ్లిపోవడం మామూలే. ఆ తర్వాత చూడాల్సింది ఇన్‌లెట్‌లోని, అంటే షవర్‌లోకి నీళ్లు వెళ్లేచోటి జాలీ. కొత్త పైపు కోసినప్పుడు రాలిన రాగి పొట్టు, టెఫ్లాన్ టేపు ముక్కలు ముందుగా అక్కడే చిక్కుకుంటాయి. షవర్ బిగించే ముందు పైపులోంచి ఒక బకెట్ నీళ్లు వదిలిపెడితే ఈ బాధ ఉండదు. షవర్ మూత తీయాలంటే గోడ స్విచ్ చాలదు, మెయిన్ బోర్డులో ఆ సర్క్యూట్ ఆపి, నీళ్లు కట్టేశాకే.

ఇవన్నీ బాగుంటే, కిచెన్ సింక్ కింద ఉండే మెయిన్ స్టాప్‌కాక్ (ఇంట్లోకి వచ్చే మెయిన్స్ నీళ్లను కట్టేసే వాల్వ్) మూసి షవర్‌ను కోల్డ్‌లో వదలండి. అయినా నీళ్లు ధారాళంగా వస్తూనే ఉంటే ప్లంబర్ దాన్ని అటక మీది ట్యాంకుకు కలిపేసినట్టే. మామూలు ఎలక్ట్రిక్ షవర్‌కు దాదాపు 1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడి కావాలి. మీటరు, రెండు మీటర్ల ఎత్తులోని ట్యాంకు ఇచ్చేది 0.1, 0.2 బార్. అప్పుడు లైను మార్చి మెయిన్స్‌కు కలిపించుకోవాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో పై అంతస్తు ఫ్లాట్ మాది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టించాం. షవర్‌లో బొట్లు బొట్లుగా వస్తోంది. ఒత్తిడి పెంచే మోటారు పెట్టించుకోమంటున్నారు. పెట్టించాలా?

జవాబు: పెట్టించేముందు గీజర్ కింది యాంగిల్ కాక్ (నీళ్లు కట్టేసే చిన్న కొళాయి) పూర్తిగా తెరిచి ఉందో లేదో, కనెక్షన్ పైపు వాషర్ నలిగి దారి మూసిందేమో చూడండి. చల్లనీళ్ల షవర్ కూడా అలాగే ఉంటే ట్యాంకు ఎత్తు చాలట్లేదు, మోటారు పనికొస్తుంది. కానీ పైన చెప్పిన లెక్కే ఇక్కడా: 3 కిలోవాట్లతో నిమిషానికి 5 లీటర్లు లాగితే నీళ్లు 8 డిగ్రీలే వేడెక్కుతాయి. ధార వస్తుంది, వేడి పోతుంది. మోటారు పెట్టేట్టయితే 15 లీటర్ల స్టోరేజ్ గీజర్‌కు మారండి, దాని ప్లేటు మీద రాసిన బార్ కంటే మోటారు ఒత్తిడి తక్కువ ఉండేలా చూసుకోండి.