నీ స్క్రిప్టులో ఒక్క ‘కాబట్టి’

నల్లకుంట, హైదరాబాద్

చి. అమ్మాయికి,

మనసుతో, ప్రకృతి వైద్యంతో జబ్బులు తగ్గడం మీద నువ్వు తీస్తున్న డాక్యుమెంటరీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ చదివితే బాగుందనిపించింది. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

అమీర్‌పేట ప్రకృతి చికిత్సాలయం సీను భలే పట్టావు. పొట్ట మీద తడి మట్టిపట్టీ వేసుకుని పడుకున్న పెద్దావిడ, “చల్లగా ఉందమ్మా, ఇంట్లో నన్ను ఇంతసేపు ఎవరు పడుకోనిస్తారు?” అంటుంది చూడు, నీ సినిమా అంతా అక్కడే ఉంది. దాని కింద ‘ప్రకృతి ఆమెను ఒడిలోకి తీసుకుంది’ అని వ్యాఖ్యానం రాశావు. కొట్టేశాను. ఆవిడ చెప్పాక ఇక నువ్వు చెప్పేదేముంది?

అసలు పేచీ పద్నాలుగో పేజీలో, క్యాన్సర్ వచ్చినావిడ దగ్గర. ‘రోజూ ధ్యానం చేసింది, కాబట్టి గడ్డ కరిగిపోయింది.’ ధ్యానం చేసింది, నిజమే. గడ్డ కరిగింది, స్కానింగ్ రిపోర్టు ఉంది. మరి నాలుగు లైన్ల పైన ఆరు కీమోలు అయ్యాయని నువ్వే రాశావు కదా! ఆ ‘కాబట్టి’ని ధ్యానానికి ఎలా ఇచ్చేశావు?

నేనూ ఇచ్చాను ఒకప్పుడు. ప్రాణాయామంతో షుగర్ పోయిందన్న ఒకాయన మీద ఒక వారపత్రికకి వ్యాసం రాశాను. కొన్నాళ్లకి ఒక కుర్రాడు ఆ కటింగ్ పట్టుకుని ఇంటికొచ్చాడు. అది చదివి వాళ్ల నాన్న ఇన్సులిన్ మానేశాడట. కాలి వేలు తీసేశారు. కుర్రాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. “సార్, మీరు రాసినాయన ఇప్పుడెలా ఉన్నారు?” అని అడిగాడు, అంతే. నేను మళ్లీ కనుక్కుంటేగా!

అలాగని మనసుతో ఏమీ కాదని రాయమనడం లేదు. మనవాళ్లు ‘ఆ డాక్టరుది మంచి హస్తవాసి’ అంటారే, దాన్ని పట్టుకో. హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం 2008లో అచ్చువేసిన అధ్యయనం ఉంది. ఐబీఎస్ అనే పేగుల జబ్బుతో కడుపునొప్పి పడేవాళ్లు 262 మంది. కొందరికి ఏ వైద్యమూ లేదు. కొందరికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదుల ఆక్యుపంక్చర్. ఇంకొందరికి అవే సూదులు, కానీ వైద్యుడు కూర్చుని, కష్టం విని, నెమ్మదిగా మాట్లాడాడు. మూడు వారాలకి తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. సూదులు అవే, మనిషి తీరే వేరు. ఇంతకన్నా నీకు సీను ఏం కావాలి?

అంతకు ముందే, 1978లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్ను పీకించుకున్నవాళ్ల మీద చూశారు. ఉత్తుత్తి మందుకే నొప్పి తగ్గినవాళ్లకి, నల్లమందు పనిని అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే నొప్పి తిరగబెట్టింది. అంటే ఒళ్లు తన సొంత నొప్పిమందు తయారుచేసుకుందన్నమాట. నొప్పి, నిద్ర, భయం, వికారం, ఇక్కడ మనసు మాట బాగా చెల్లుతుంది. గడ్డ దగ్గర అలా చెల్లుతుందని రాయకు.

ఇంకోటి. క్యాన్సర్, షుగర్ నయం చేస్తామని మందులకి ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. నాది ప్రకటన కాదుగా అంటావు. చివరి ఫ్రేములో ధ్యానం నేర్పే ఆ సెంటర్ ఫోన్ నంబరు ఎందుకు వేసినట్టు మరి?

తగ్గినవాళ్లనే కెమెరా ముందు కూర్చోబెట్టావు. ఎర్రమంజిల్ దాటి ఒకసారి రెడ్‌హిల్స్ వైపు వెళ్లు, కెమెరా లేకుండా. క్యాన్సర్ ఆసుపత్రి బయట ఒక పూట కూర్చో. రోజూ ధ్యానం చేసీ తగ్గనివాళ్లు ఉంటారు. ‘నా మనసే గట్టిది కాదేమో’ అని జబ్బుకి తోడు ఆ టెన్షన్ కూడా మోస్తుంటారు. నీ సినిమా వాళ్లూ చూస్తారు.

ఈలోగా పద్నాలుగో పేజీ ఆవిడకి ఫోన్ చెయ్యి. ఇప్పుడెలా ఉన్నారో కనుక్కుని, ఆ తర్వాత స్క్రిప్టు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు