ఆ పులి ఎవరని అడగకండి

పిల్లల మనసు, ఆట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. తాతయ్య పోయినప్పటి నుంచి రాత్రిళ్లు మళ్లీ పక్క తడుపుతున్నాడు, బడికి వెళ్లనని ఏడుస్తున్నాడు. కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్తే ఇసుక ట్రే ఇచ్చి ఆడుకోమంటున్నారు. ప్రతిసారీ ఒక ముసలాయన బొమ్మను పాతిపెట్టి చుట్టూ పులుల్ని నిలబెడుతున్నాడట. దానర్థం ఏంటంటే ఆవిడ చెప్పడం లేదు. అసలిది వైద్యమేనా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: వైద్యమేనండీ. అర్థం చెప్పకపోవడం కూడా అందులో భాగమే.

1929లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల డాక్టరు తన క్లినిక్‌లో జింకు ట్రేలో ఇసుక పోసి, పక్కన చిన్న చిన్న బొమ్మలు పెట్టారు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే వాటితో లోకాలు కట్టడం మొదలుపెట్టారు. 1956లో ఆవిడ దగ్గర నేర్చుకున్న స్విట్జర్లాండ్ మహిళ డోరా కాల్ఫ్ ఆ పద్ధతికి స్విస్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ ఆలోచనలను జోడించి శాండ్‌ప్లే, అంటే ఇసుక ఆట చికిత్సగా మలిచారు. బిడ్డకి స్వేచ్ఛా రక్షణా రెండూ దొరికే చోటు ఇవ్వాలని, ఆట నడుస్తుండగా దానికి వ్యాఖ్యానం చెప్పకూడదని కాల్ఫ్ పట్టుబట్టారు.

ఎందుకంటే పాతిపెట్టడం అంటే అంత్యక్రియలే కానక్కర్లేదు. ఎవరికీ దొరక్కుండా దాచుకోవడం కావచ్చు, మళ్లీ పైకి వస్తాడేమోనని చూడటం కావచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. మీరు ‘ఇది తాతయ్య కదూ?’ అన్నారనుకోండి, మీకోసం తలూపుతాడు. వచ్చే వారం ఆ బొమ్మ జోలికే పోకపోవచ్చు. అనుభవమున్న కౌన్సిలర్ ఒక్క ట్రే చూసి తీర్పు చెప్పరు, వరసగా చాలా ట్రేలు చూస్తారు. పులుల ముఖాలు ముసలాయన వైపు ఉన్నాయా, బయటికి తిరిగి కాపలా కాస్తున్నాయా? బొమ్మను ఎవరైనా తవ్వి తీశారా? కంచె కడితే దానికి దారి వదిలాడా? ఇవి వారం వారం ఎలా మారుతున్నాయన్నదే ఆవిడకి కావాల్సింది.

మీరు చేయాల్సినవి వేరే ఉన్నాయి. పక్క తడపడం ఆగిపోయి మళ్లీ మొదలైందంటున్నారు కాబట్టి ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగరు లేవని తేల్చుకోవాలి. దాహం ఎక్కువై, బరువు తగ్గుతుంటే ఆ రోజే వెళ్లండి. తాతయ్య ‘నిద్రపోయారు’, ‘ఊరెళ్లారు’ అని ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే సరిదిద్దండి. ఆ మాట నమ్మిన పిల్లలకు నిద్రంటే భయం పట్టుకుంటుంది, అమ్మ ఊరెళ్తానంటే గుండె జారిపోతుంది. ‘చనిపోయారు, ఇక రారు, నువ్వు చేసిన దానివల్ల కాదు’ అని ఆ మూడు మాటలూ చెప్పాలి. సెషన్ నుంచి వస్తూ ‘ఏం ఆడావు?’ అని ఆటోలోనే ఆరా తీయకండి. నాలుగైదు వారాలకోసారి బాబు లేకుండా కౌన్సిలర్‌ను కలిసి నిద్ర, బడి, తిండి ఎలా ఉన్నాయో మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంట్లోనే ఇలాంటి ఇసుక ట్రే పెట్టొచ్చా? కొలతలు చెప్పగలరా? మా బొమ్మల కొలువు బొమ్మలు బోలెడు ఉన్నాయి, అవి పనికొస్తాయా?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఆడుకోవడానికి పెట్టండి, వైద్యం చేయడానికి కాదు. క్లినిక్ ట్రే దాదాపు 72 సెం.మీ. పొడవు, 57 వెడల్పు, 7 లోతు ఉంటుంది. తల తిప్పకుండా మొత్తం ఒక్క చూపులో కనబడాలని ఆ కొలత. లోపల నీలం రంగు వేస్తారు, ఇసుక పక్కకి తోస్తే చెరువో సముద్రమో అవుతుంది. ఇంటికి 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న నీలం ప్లాస్టిక్ ట్రే చాలు. సగం లోతు వరకే ఇసుక పోయండి. నిండా పోస్తే తవ్వినప్పుడల్లా నేల మీద పడి, మీరు కసురుకోవడం మొదలవుతుంది. ఒకటిన్నర అంగుళం ఇసుకే 17 కిలోల దాకా తూగుతుంది కాబట్టి ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టకండి.

ఏటి ఇసుక తెచ్చి, సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, బాగా ఎండబెట్టండి. ఇళ్ల పనికి తెచ్చే రాతి ఇసుక వద్దే వద్దు: అంచులు గరుకు, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆయాసం ఉన్న పిల్లలకైతే కాస్త తడి చేసిన ఇసుకే మేలు. వాడనప్పుడు మూత పెట్టండి, లేకపోతే పిల్లి దాన్ని తన సొంతం చేసుకుంటుంది.

బొమ్మలు అరవై, డెబ్బై సరిపోతాయి: ఇంటి మనుషులు, ముసలివాళ్లు, పాపాయి, డాక్టరు, పోలీసు, పెంపుడు జంతువులు, అడవి జంతువులు, ఇళ్లు, కంచెలు, బళ్లు, చెట్లు, రాళ్లు, గవ్వలు. పాము, రాక్షసుడు కచ్చితంగా ఉండాలి. ముద్దొచ్చే బొమ్మలే పెట్టే ఇళ్లలో పిల్లల కోపానికి, భయానికి ఆటలో చోటుండదు. సంచిలో కుమ్మరించకుండా రకాలవారీగా అరల్లో పేర్చండి. వెతుక్కోవడంలోనే సమయం పోతే ఆట సాగదు. మూడేళ్ల లోపు పిల్లలకు చిన్న బొమ్మలు అందనివ్వకండి.

కొలువు బొమ్మల సంగతి. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఈ ఆటకి చక్కగా ఉంటాయి. కొండపల్లి బొమ్మలు పొడి ఇసుకలోనే. పొనికి కర్ర మెత్తన, భాగాలను చింతగింజల పొడితో చేసిన మక్కుతో అతికిస్తారు, తడి తగిలితే ఊడతాయి. పూజలో పెట్టిన విగ్రహాలు మాత్రం వద్దు. మీ అమ్మాయి వినాయకుణ్ణి తలకిందులుగా పాతిపెడితే మీ ముఖం మారుతుంది, అది తను చూస్తుంది, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఆటకోసం వేరే దేవుడి బొమ్మలు కొనండి.

వారానికోసారి, ఒకే సమయంలో, అరగంట. ఫోన్ మరో గదిలో. ఇంకో అయిదు నిమిషాలే ఉందని ముందే చెప్పండి. కనిపించింది మాత్రమే అనండి: ‘సింహం ఇంటి ముందు కూర్చుంది.’ ‘ఆ సింహం నాన్నా?’ అనకండి, ‘భలే కట్టావు!’ అని మెచ్చుకోకండి. మెప్పు అలవాటైతే మీకు నచ్చేదే కడుతుంది. ఆట అయ్యాక తన ముందే పడగొట్టకండి, తను వెళ్లాక తీయండి. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: మా మనవరాలికి ఐదేళ్లు. ఇసుక నా ముఖాన విసురుతోంది. వద్దంటే ఇంకా ఎక్కువ.
- ఒక అమ్మమ్మ, కాకినాడ

జవాబు: వద్దని మాత్రమే అంటే తన కోపం ఎటు పోవాలమ్మా? అమెరికాలో ప్లే థెరపీ, అంటే ఆటతో చేసే చికిత్స నేర్పిన గ్యారీ లాండ్రెత్ పద్ధతిలో మూడు అడుగులున్నాయి. ‘నీకు నా మీద కోపంగా ఉంది.’ ‘ఇసుక మనుషుల మీద వేయడానికి కాదు.’ ‘కావాలంటే ట్రేలో గట్టిగా గుద్దు.’ అదే వరస, అంతే చిన్న మాటలు. మళ్లీ విసిరితే: ‘ఇంకోసారి విసిరితే ఈ రోజుకి ఆట ముగించాలని నువ్వే అనుకున్నట్టు.’ అప్పుడూ విసిరితే నిజంగానే మూత పెట్టేయండి, అరవకుండా. చెప్పి చేయకపోతే మర్నాటి నుంచి ఆ మాటకి విలువుండదు.

ప్రశ్న: బాబుకి మూడున్నరేళ్లు, మాటలు లేవు. ఇసుక ఆటతో మాటలు వస్తాయని ఒక సెంటర్‌లో నెలల ప్యాకేజీ చెప్పారు. కట్టొచ్చా?
- పేరు వద్దు, వరంగల్

జవాబు: ఇప్పుడు కట్టకండి. ముందు వినికిడి పరీక్ష, తర్వాత పిల్లల డాక్టరు దగ్గర ఎదుగుదల పరీక్ష, స్పీచ్ థెరపీ. ఇసుక ఆట భయాలకు, దుఃఖానికి తోడు పడుతుంది కానీ మాట ఆలస్యానికి చికిత్స కాదు. ఈ వయసులో పోయిన నెలలు తిరిగి రావు. ఏ స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లినా భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారో అడగండి. ఆ ప్రశ్నలకు విసుక్కునే చోట డబ్బు కట్టనక్కర్లేదు. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.